మనకు చేతకాని ఫొటో

వేదిక మీది పెద్దలకు, నాతో పాటు ఈ వృత్తిలో ఉన్న మిత్రులకు, కెమెరా చేతపట్టి కొద్దికాలమే అయిన యువతీ యువకులకు నమస్కారం.

డాగ్యుర్ కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతిని ఫ్రాన్స్‌లో 1839 ఆగస్టు 19న లోకానికి వెల్లడించారు కనుక ఏటా ఈ రోజును ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇలాంటి సభల్లో కెమెరాల చరిత్ర చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం నాకిచ్చిన సమయాన్ని, మన తిరుపతి కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగే ఒక ప్రశ్నకే కేటాయిస్తాను. "సార్, పెళ్లి ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, చూసినవాళ్లు బాగుందంటున్నారు, కానీ నిరుడు ఎలా తీశామో ఈ ఏడూ అలాగే తీస్తున్నాం. ఎక్కడ ఆగిపోయాం?" అన్నది ఆ ప్రశ్న.

చేతనైన చోటే ఆగిపోతామని నా అభిప్రాయం. ముహూర్తాల కాలంలో ఒకే రోజు రెండు మూడు కల్యాణ మండపాలు తిరిగే ఫొటోగ్రాఫర్ వేల ఫ్రేములు తీస్తాడు. అయితే తలంబ్రాల వేళ అతను నిలబడే చోటు, ఫ్లాష్ తిప్పే కోణం, వాడే లెన్సు అన్నీ ముందే తెలిసినవి. ఆ పని పొట్ట పోసేది, గౌరవించదగినది. కానీ దాన్ని సాధన అనలేం. మన ఊళ్లోని సంగీత కళాశాలలో చేరిన పిల్లలు సరళీ వరుసలను ఒక కాలంలో, అంటే ఒక వేగంలో, నిలకడగా పాడగలిగిన వెంటనే గురువుగారు రెండో కాలం అందుకోమంటారు, అది కుదురుకునేసరికి మూడో కాలం వచ్చి కూర్చుంటుంది. ఫొటోగ్రాఫర్‌కు అలా కాలం మార్చి ముందుకు తోసేవారు ఎవరూ ఉండరు కాబట్టి, తనకు చేతకానిది ఏదో తానే వెతుక్కుని, అది ఎందుకు చేతకావడం లేదో అర్థమయ్యేదాకా దాని వెంటపడాలి. కొత్త లెన్సు కొన్నంత మాత్రాన, లడఖ్ వెళ్లివచ్చినంత మాత్రాన ఆ పని జరగదు. అలాంటి కష్టాలు మన ఊళ్లోనే కావలసినన్ని ఉన్నాయి.

తాతయ్యగుంట గంగమ్మ జాతరనే తీసుకోండి. మే నెలలో వారం పాటు జరిగే ఆ జాతరలో రోజుకొక వేషం ఉంటుందని మీకందరికీ తెలుసు. బైరాగి వేషం వేసినవారు ఒంటి నిండా తెల్లటి నామకొమ్ము పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. వెలుగును కొలవడం నేర్చుకోవాలనుకునే వారికి ఇంతకు మించిన పాఠశాల ఎక్కడా దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తన ముందున్నది తెలుపో నలుపో తెలుసుకోలేదు. అది చూసే ప్రతి దృశ్యాన్నీ, పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే నడిమి బూడిద రంగుగా లెక్కగడుతుంది. ఇప్పటి కెమెరాల్లో ఈ లెక్కకు చాలా మెరుగులు దిద్దారు గానీ మూలం అదే. అందుకే బైరాగి వేషధారి ఫ్రేమంతా నిండి ఉన్నప్పుడు కెమెరా మాట విన్నామంటే ఆ నామకొమ్ము మాసిన గుడ్డలా బూడిద రంగులోకి దిగిపోతుంది. అక్కడ వెలుగును ఒక స్టాపో, ఒకటిన్నర స్టాపో పెంచాలి. ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం, తగ్గించడమంటే సగం చేయడం. తోటి వేషం నాడు దీనికి సరిగ్గా తలకిందులు. బొగ్గు పూసిన ఒంటిని కెమెరా అనవసరంగా వెలిగించి, ఆ నలుపులోని గాంభీర్యాన్ని పోగొడుతుంది కాబట్టి స్టాపు వరకు తగ్గించుకోవాలి. అంతటితో పని అయిపోదు. నల్లటి ఒంటి మీద చెమట పట్టిన చోట సన్నని మెరుపు వస్తుంది. కండరాల వంపును, దవడ ఎముక అంచును చెప్పగలిగేది ఆ మెరుపొక్కటే. మనం ఎండకు వీపు పెట్టి నిలబడితే అది కనపడదు, పక్కకు జరిగి ఏటవాలు వెలుగు చూసుకోవాలి.

మధ్యలో కుంకుమ ఉంది చూశారూ, అది వీటన్నిటికంటే గడ్డు పరీక్ష. మే నెల ఎండలో కుంకుమ పూసుకున్న ముఖాన్ని తీసినప్పుడు, వెలుగు మొత్తాన్ని కలిపి చూపే హిస్టోగ్రామ్ అనే గ్రాఫులో అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌కు మార్చి చూస్తే ఎరుపు ఒక్కటే హద్దు దాటి పోయిందని తెలుస్తుంది. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసుకుంటే, నుదుటి ముడతలు, కనుబొమల దగ్గర చిక్కుకున్న పొడి, అన్నీ కలిసిపోయి ఒక ఎర్రటి ముద్ద మిగులుతుంది. కెమెరా పట్టిన వివరాలను మార్చకుండా దాచే రా ఫైలులో తీస్తే కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు, కొంత ఎప్పటికీ రాదు. నాలుగు వేషాలను నాలుగు రోజులు శ్రద్ధగా తీసినవారికి, ఫొటోకు ఎంత వెలుగు ఇవ్వాలన్న ఎక్స్‌పోజర్ గురించి మరెవరూ పాఠం చెప్పనవసరం లేదు.

అయితే ఒక మాట. వాళ్లు మన కోసం వేషం వేసిన నటులు కారు, మొక్కు తీర్చుకుంటున్న భక్తులు. ముఖానికి అడుగు దూరంలో లెన్సు పెట్టి, పక్కవాణ్ణి మోచేత్తో నెట్టి తీసే ఫొటో ఎంత పదునుగా వచ్చినా నేను దాన్ని మంచి ఫొటో అనలేను. "అన్నా, ఒక ఫొటో తీసుకుంటాను" అని అడగడం, వద్దంటే నమస్కారం పెట్టి తప్పుకోవడం కూడా అభ్యాసంతోనే వస్తాయి. మనలో చాలామందికి ఎక్స్‌పోజర్ కంటే ఇదే కష్టం.

రెండో రకం సాధన దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇందులో జనం ఉండరు, తొందర ఉండదు. చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను మనమందరం బడి పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి దాన్ని నిజానికి చూడటం మానేశాం. అక్కడికి ఒకే ఒక్క లెన్సుతో, జూమ్ లేని 35 గానీ 50 మిల్లీమీటర్ల లెన్సుతో వెళ్లండి. పురావస్తు శాఖ పరిధిలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే అనుమతి కావాలి, ట్రైపాడ్ లేకపోవడం కూడా ఒక షరతుగా పెట్టుకోండి. పొద్దున తీసిన గోడనే మిట్టమధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం, ఆ తరువాత మబ్బు పట్టిన రోజున తియ్యండి. కెమెరా ఎత్తకముందే వెలుగును కంటితో అంచనా వేసి, లెన్సులో వెలుగు దూరే రంధ్రం, అంటే ఎపర్చర్ ఎంత, షట్టర్ తెరుచుకుని ఉండే సమయం ఎంత అని మనసులో అనుకుని, తరువాతే మీటరు చూడండి. చక్కటి ఎండలో ఎపర్చర్ 16 దగ్గర ఉంటే షట్టర్ వేగం, వెలుగుకు ఎంత చురుకుగా స్పందిస్తుందో చెప్పే ఐఎస్‌ఓ సంఖ్యకు దగ్గరగా ఉంటుందన్న పాత ఫిల్ము రోజుల లెక్క ఈ అంచనాకు మొదటి మెట్టు. ఐఎస్‌ఓ 100 అయితే సెకనులో నూరో వంతు. కమానుల లోపలి నీడకు అందులో నుంచి ఎన్ని స్టాపులు దిగాలో కంటికి అలవాటు కావడానికి ఒక సీజను పడుతుంది. జూమ్ తిప్పే వీలు లేనప్పుడు కాళ్లే కదలాలి. అలా కదులుతున్నప్పుడే కమానులో నుంచి వెనుక కొండ రాళ్లు ఎక్కడ నిలబడితే ఇముడుతాయో తెలుస్తుంది.

ఈ సందర్భంలో రాజా దీన్‌దయాళ్‌ను తలచుకోవడం సముచితం. 1844లో పుట్టిన ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందౌర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చుకుని, తరువాత హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. బరువైన కెమెరా, గాజు పలకల మీద నెగటివ్. ఒక్కో పలకను సిద్ధం చేసుకునే శ్రమకైనా వెరచి, తీసే ముందు ఎంతో ఆలోచించి ఉండాలి. మన దగ్గర మెమరీ కార్డులో వేల ఫొటోలకు చోటు ఉంది కాబట్టి ఆ ఆలోచన మనం పనిగట్టుకుని తెచ్చుకోవలసి వస్తోంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నేను ఇంకా నేర్చుకుంటూ ఉన్నది, ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు ఫొటోల్లో చెప్పడం. శ్రీకాళహస్తి కలంకారీని చాలామంది తీస్తారు. రంగులు నిండిన గుడ్డ, దాని ముందు నవ్వుతూ కూర్చున్న కళాకారుడు, అంతటితో ముగిస్తారు. ఆ పని తెలుసుకుని వెళ్లినవారికి కనిపించేవి వేరు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమితో గీత గీస్తారు. కలం అంటే మొన తేలిన వెదురు పుల్ల. దాని నడుమ చుట్టిన ఉన్నినో గుడ్డనో కసిమిలో ముంచి, బొటనవేలితో ఎంత నొక్కితే అంత రంగు మొన దగ్గరికి దిగుతుంది. గీత సన్నబడటం, లావెక్కడం అంతా ఆ నొక్కులోనే ఉంది. కసిమిలోని ఇనుము కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసినప్పుడు గీత నల్లబడుతుంది, పాలలోని కొవ్వు ఆ గీతను పక్కలకు పాకనివ్వదు. ఇదంతా తెలిసినవాడు ముఖం మీద కాకుండా ఆ బొటనవేలి గోరు మీద ఫోకస్ పెట్టి, ఎపర్చర్ ఎంత మూస్తే కలం మొన, గీత రెండూ స్పష్టంగా నిలుస్తాయో చూసుకుని, కిటికీ వెలుగు పక్క నుంచి వచ్చేలా కూర్చుని ఎదురుచూస్తాడు. తెలియనివాడికి అక్కడ తీయడానికి ఏమీ కనపడదు. అందుకే నేను కుర్రవాళ్లకు కెమెరా పుస్తకాలతో పాటు మగ్గం గురించి, మామిడి తోట గురించి, రాయి గురించి కూడా చదవమని చెబుతుంటాను.

తలకోన జలపాతం, నేలపట్టు పక్షుల అభయారణ్యం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడి సాంకేతిక విషయాలు మీకు తెలిసినవే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక తలకోన జలపాతం దగ్గర ఒకే దృశ్యాన్ని సెకనులో వెయ్యో వంతుకూ, ఒక నిండు సెకనుకూ తీసి, ఏ వేగంలో నీళ్లు నీళ్లలా అనిపిస్తున్నాయో మీరే తేల్చుకోండి. పాల నురగలా తీయడం ఇప్పుడు ఒక అలవాటుగా మారిపోయింది, నాకైతే ఈ రెంటి మధ్య ఎక్కడో సగం కరిగిన నీళ్లే నచ్చుతాయి. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకునే చలికాలంలో ఓపికే పెద్ద సాధన. అక్కడ గూటికి దగ్గరగా పోయి పక్షిని లేపి తీసిన ఫొటోను ఎవరూ మెచ్చుకోకూడదు.

చివరిగా, తీసిన వాటిని ఏం చెయ్యాలన్నది. ఫోనులో చూసుకుని మురిసిపోయేవాటిలో చాలా భాగం కాగితం మీద నిలబడవు. మూడు నెలలకొకసారి, మీరు చేతకాదనుకుని మొదలుపెట్టిన విషయం మీద తీసిన వాటిలో నుంచి పది ఎంచి, ఎనిమిది అంగుళాలకు పన్నెండు అంగుళాల సైజులో ప్రింటు వేయించండి. ఆ పదింటినీ బల్ల మీద పరిచి, మీకంటే బాగా తీసేవారిని ఒకరిని, ఫొటోగ్రఫీతో సంబంధం లేనివారిని ఒకరిని పిలిచి, మీరు నోరు మెదపకుండా వాళ్లు దేని దగ్గర ఆగుతున్నారో గమనించండి. వాళ్లు ఆగని ఫొటో వెనుక కారణం రాసి పెట్టుకుంటే తరువాతి మూడు నెలల పని ఏమిటో అక్కడే దొరుకుతుంది. ఈ రోజు కొందరు తమ ప్రింట్లు వెంట తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. వెనుక బల్ల మీద పరచండి, నేను కిందికి వస్తున్నాను, మిగతా ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.