తువ్వాలు వేయని సీటు

(తిరుపతిలో ఇంజనీరింగ్, స్టాటిస్టిక్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 66 మండలాల వర్షపాతాన్ని లెక్కగట్టేందుకు కొన్నేళ్ల కిందట మేము గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ప్యాకేజీ రాసుకున్నాం. వేగం కోసం లోపలి లెక్కలను సి భాషలో రాశాం. ఒక మండలం, ఒక ఏడాది ఇస్తే చక్కగా పనిచేసేది. అన్ని మండలాలకూ 30 ఏళ్ల లెక్కలు కలిపి ఇస్తే ఒక్కోసారి కుప్పకూలేది, ఒక్కోసారి కూలేది కాదు. కూలిపోయిన రోజులు నన్ను అంతగా బాధించలేదు. ఒకరోజు కూలకుండానే, మండలాల పేర్లు ఉండాల్సిన చోట ఏవో వేరే అక్షరాలు చూపింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేర్లు కాబట్టి కంటపడ్డాయి. అవే మిల్లీమీటర్లయితే? 56కు బదులు 65 వస్తే ఎవరు గుర్తుపడతారు?

ముందు మేము చేసిన పని ఆర్ కోడ్‌లో ఒక ప్రింట్ వరుస చేర్చడం. వెంటనే సమస్య మాయమైంది. తీసేస్తే మళ్లీ వచ్చింది. ఇలాంటప్పుడు ఆ వరుసను అలాగే ఉంచేసి ముందుకు పోదామనిపిస్తుంది. దయచేసి అలా పోవద్దు. ఆ వరుస తప్పును సరిదిద్దలేదు, అది బయటపడే సమయాన్ని మాత్రమే మార్చింది.

పండగ ముందు రోజు మన బస్టాండును తలచుకోండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం. ఆ సీటు మనదని మన మనసుకు తెలిస్తే చాలదు, ఎదుటివారికి కనిపించే గుర్తు కావాలి. ఆర్‌లో వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ పరిస్థితి సరిగ్గా ఇదే. ఆక్లాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను మొదలుపెట్టినప్పుడు లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీమ్ నుంచి చాలా తీసుకున్నారు. వాడకంలో లేని మెమరీని భాషే ఊడ్చుకోవడం లిస్ప్ కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఆర్ కోడ్ రాసేవారికి ఆ బెంగే ఉండదు. కానీ సి ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుళ్లను ఆ కలెక్టర్ చూడదు. మీ పాయింటర్, అంటే మెమరీ చిరునామాను దాచుకున్న వేరియబుల్, ఒక వస్తువును పట్టుకుని ఉందని దానికి తెలియాలంటే ప్రొటెక్ట్ అని రాయాలి. అదే మన తువ్వాలు. పని అయ్యాక అన్‌ప్రొటెక్ట్‌తో తీసేయాలి. ఆర్ నుంచి వచ్చిన ఆర్గ్యుమెంట్లకు మాత్రం ఇది అక్కర్లేదు, వాటి సీటు ముందే ఖాయమై ఉంటుంది.

మా తప్పు ఇది. పేర్ల కోసం ఒక వెక్టర్, అంటే విలువల వరుస, సృష్టించాం, ప్రొటెక్ట్ చేయలేదు. తర్వాత లూప్‌లో ఒక్కో పేరూ నింపాం. ప్రతి కొత్త పేరూ ఒక అలొకేషన్, అంటే కొత్తగా మెమరీ అడగడం. అలొకేషన్ జరిగిన ఏ క్షణంలోనైనా కలెక్టర్ నిద్ర లేవవచ్చు. లేచి చూస్తే మా వెక్టర్ మీద ఏ గుర్తూ లేదు. ఖాళీ సీటు అనుకుని ఇచ్చేసింది. మా పాయింటర్‌లో మాత్రం పాత చిరునామానే ఉంది. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు తువ్వాలు వేయకపోయినా సీటు దొరుకుతుంది. చిన్న డేటా మీద పరీక్షలన్నీ నెగ్గడానికి కారణం అదే.

అందుకే కూలిన చోటును తవ్వుతూ కూర్చుంటే దొంగ దొరకడు. సీటు పోయిన చోటు వేరు, గొడవ జరిగిన చోటు వేరు. ఈ రెండింటినీ దగ్గరకు తేవాలి. ఆర్‌లోనే ఉన్న జీసీటార్చర్ అనే పరీక్షా సదుపాయాన్ని ఆన్ చేస్తే కలెక్టర్ ప్రతి అలొకేషన్ దగ్గరా లేస్తుంది, ప్రతి స్టాపులోనూ పండగ రద్దీ ఉన్నట్టు. ప్రోగ్రాం భరించలేనంత నెమ్మదిస్తుంది. కాబట్టి 30 ఏళ్ల డేటా వద్దు, పది వరుసలు చాలు. మేము ఈ మాట తెలియక పూర్తి ఫైలుతోనే నడిపి రెండు రోజులు పోగొట్టుకున్నాం.

ఇంకో చిక్కు ఉంది. విడుదలైన మెమరీలో పాత విలువలు కాసేపు అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు టార్చర్ పెట్టినా ఏమీ కనిపించదు. స్ట్రిక్ట్ బారియర్ అనే ఎంపికతో ఆర్‌ను మళ్లీ కంపైల్ చేసుకుంటే, విడుదలైన వస్తువులకు ముద్ర పడుతుంది. వాటిని ముట్టుకుంటే చాలా చోట్ల అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. మెమరీ తప్పులను పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం కూడా మంచిదే, కానీ 128 బైట్ల లోపు చిన్న వెక్టర్లను ఆర్ తన సొంత పేజీల నుంచి పంచుతుంది. దానికి తగిన ఇన్‌స్ట్రుమెంటేషన్‌తో, అంటే వాల్‌గ్రైండ్‌కు సమాచారం ఇచ్చే కోడ్‌తో, ఆర్‌ను బిల్డ్ చేయకపోతే, ఆ పేజీల లోపల జరిగేది వాల్‌గ్రైండ్‌కు తెలియదు. ఇక తొమాష్ కలిబెరా రాసిన ఆర్‌చెక్ అనే సాధనం, మన ప్రోగ్రాంను నడపకుండానే కోడ్ చదివి, ప్రొటెక్ట్ మరిచిన చోట్లను చూపుతుంది. అది చూపినవన్నీ తప్పులు కావు. అయినా ప్రతి ఒక్కటీ చదవాల్సిందే.

స్టాక్ ఇంబ్యాలెన్స్ అనే హెచ్చరిక వస్తే కేవలం హెచ్చరికే కదా అని వదిలేసేవారిని చాలామందిని చూశాను. వేసిన తువ్వాళ్లకూ తీసిన తువ్వాళ్లకూ లెక్క కుదరలేదని దాని అర్థం. ఎక్కువ తీశారంటే పక్కవాడి తువ్వాలు తీసేశారన్నమాట.

ఇప్పుడు తెర మీద అదే ప్యాకేజీలోని మరో ఫంక్షన్ తెరుస్తున్నాను. ఇందులో మూడు వస్తువులు సృష్టించాం, ప్రొటెక్ట్‌లు రెండే ఉన్నాయి. తప్పు అని వెంటనే అనకండి. మూడోది పుట్టిన తర్వాత, దానితో పని ముగిసేలోపు, ఇంకెక్కడైనా అలొకేషన్ జరుగుతుందా? వరుస వరుసా చదివి చెప్పండి.