ఎంత లాగావమ్మా, పైకి చెప్పు

సిస్టర్స్ అందరికీ నమస్కారం. ఈ రోజు పిల్లల ఎమర్జెన్సీలో ఏం చేయాలో బొమ్మ మీద సాధన చేద్దాం.

వానాకాలంలో మన హైదరాబాద్‌లో పిల్లల వార్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక మంచం మీద డెంగీ, పక్క మంచం మీద ఫిట్స్. ఇంతలో గొంతులో పల్లీ గింజ అడ్డుపడిందని బిడ్డను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చే తండ్రి. డాక్టరు వచ్చేలోపు ఆ బిడ్డ దగ్గర ఉండేది మనమే.

పిల్లల్లో ఎక్కువసార్లు ముందు ఊపిరి దెబ్బతిని, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. అంటే మనకు కాస్త టైం ఉంటుంది. ఆ కాస్త టైంలో చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ మాస్క్‌ను, పక్కల నుంచి గాలి పోకుండా ముఖానికి పట్టుకోవడం చేతికి వచ్చి ఉండాలి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, 10 కిలోల పాపకు గుండె ఆగింది. గుండె మళ్లీ కొట్టుకునేందుకు ఇచ్చే మందు, అడ్రినలిన్ ఇవ్వమన్నారు. 1 మి.లీ. ఆంప్యూల్‌లో, అంటే చిన్న గాజు సీసాలో, మందు 1 మి.గ్రా. దాన్ని 10 మి.లీ.కి పలచన చేసి, కిలోకు 0.1 మి.లీ. చొప్పున ఇవ్వాలి. అంటే ఆ పాపకు 1 మి.లీ. నేను పలచన చేయకుండానే 1 మి.లీ. లాగేశాను. పది రెట్లు! పక్కనున్న సీనియర్ సిస్టర్ "ఎంత లాగావమ్మా, పైకి చెప్పు" అని అడగబట్టి ఆగాను. ఆ లెక్క నాకు రాక కాదు, పరీక్షలో రాసిందే. ఆ టెన్షన్‌లో గుర్తు రాలేదు.

అందుకే ఈ బొమ్మ మీద సాధన. గుండె ఆగిన బిడ్డ ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, దాని మందంలో మూడో వంతు దిగేలా నొక్కాలి. ఇద్దరుంటే 15 నొక్కులకు 2 శ్వాసలు. పుస్తకంలో ఇది ఒక్క లైను. రెండు నిమిషాలు నొక్కి చూడండి, చెమటలు పడతాయి.

డోసు విన్నాక పైకి తిరిగి చెప్పండి. ఇచ్చాక "ఇచ్చాను" అనండి. డాక్టరు ముందు మనలో చాలామందికి గొంతు పెగలదు. ఆ బెరుకు ఇక్కడే పోవాలి.

ఖరీదైన బొమ్మ లేకపోయినా, నైట్ డ్యూటీ మొదట్లో ఎమర్జెన్సీ మందులు, పరికరాలు ఉండే క్రాష్ ట్రాలీ దగ్గర పది నిమిషాలు చేయొచ్చు. గొంతు లోపల చూసే లారింగోస్కోప్ బల్బు వెలగట్లేదని అప్పుడే బయటపడుతుంది. ట్యూటర్లకు నాదొక్కటే మనవి: సాధన తర్వాత కూర్చుని మాట్లాడేటప్పుడు తిట్టకండి. తిడితే రేపు వార్డులో తప్పు దాచుకుంటారు.

సరే, నలుగురు ముందుకు రండి. ఈ బొమ్మే మన బాబు. 11 నెలలు, బరువు 9 కిలోలు. మూలుగుతున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. టైం మొదలైంది.