రెండు రోజులు మెయిన్ ఆపేసి చూశాం: వరద కిట్‌లో నిజంగా పనికొచ్చింది ఎంత?

నమస్తే అండీ. ముందుగా ఒక ప్రశ్న. నిండు గ్యాస్ బండ నీళ్ళలో మునుగుతుందా, తేలుతుందా?

మా ఆయన మునుగుతుందనే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున బుడమేరు వాగు పొంగి నీళ్ళు బెజవాడ సింగ్ నగర్‌లో మా పోర్షన్‌లోకి వచ్చాక, ఆ వారమే మార్చిన బండ వంటింట్లోంచి బయటికొచ్చి తలుపుకి కొట్టుకుంటుంటే ఇద్దరం మెట్ల మీద నిలబడి చూశాం. తర్వాత తీరిగ్గా లెక్కేశాను. ఇనుప బండ 15 కిలోల పైన, లోపల గ్యాస్ 14.2 కిలోలు, కలిపితే 30 కిలోలకి అటూ ఇటూ. బండ లోపలి జాగానే 33 లీటర్లు. అంటే అది పక్కకి నెట్టే నీళ్ళ బరువే ఎక్కువ. తేలకేం చేస్తుంది? తేలితే తేలింది, మేం రెగ్యులేటర్ ఆపకుండా పైకి పరిగెత్తాం. రబ్బరు పైపు మెలితిరిగి సాగిపోయి ఉంది. ఇల్లంతా ఒకటే వాసన. ఓనరు పిన్నిగారు పై నుంచి "అగ్గిపుల్ల గీయకండర్రా" అని ఒకటే అరుపు.

నాలుగు రోజులు వాళ్ళ పోర్షన్‌లో తొమ్మిది మందిమి ఉన్నాం. ఆ తర్వాత అందరిలాగే నేనూ భయంతో ఏవేవో కొన్నాను. ఆన్‌లైన్‌లో ఎమర్జెన్సీ కిట్, పవర్ బ్యాంకు, చేత్తో తిప్పే రేడియో, లోపలే చిన్న బ్యాటరీ ఉండే ఇన్వర్టర్ బల్బులు. కొన్నవన్నీ అల్మరాలో పడున్నాయి. పనిచేస్తాయో లేదో తెలియదు. అందుకని పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి మెయిన్ ఆపేశాం. ట్యాంకు వాల్వు కట్టేశాం. ఆదివారం రాత్రి తొమ్మిది దాకా బయటి నుంచి ఏమీ తెచ్చుకోకూడదని రూలు. ఇంట్లో నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ మా బాబు, మా అత్తయ్య. అత్తయ్య అయితే "కరెంటు ఉండగా చీకట్లో కూర్చోవడం ఏమిటే, పిచ్చి గానీ పట్టిందా" అంది. ఆవిడ సంగతి తర్వాత చెప్తాను.

ఇదిగో ఇదే ఆ కిట్. 2,400 రూపాయలు పెట్టాను. ఎర్ర బ్యాగు, లోపల 18 వస్తువులు. పేరు చెప్పను, ఇలాంటివన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇది చూడండి, వెండి కాగితంలా మెరిసే దుప్పటి. ఒంటి వేడి బయటికి పోకుండా ఆపుతుందట. మంచు కొండల మీద వాళ్ళకి ప్రాణం నిలబెట్టే వస్తువే, కాదనను. బెజవాడలో దీన్ని కప్పుకుంటే పది నిమిషాల్లో ఆవిరి కుడుము అయిపోతాం. దిక్సూచి ఇచ్చాడు. నీళ్ళు ఇంటి చుట్టూ ఉంటే ఉత్తరం ఎటో తెలిసి నేనేం చేయను? నిప్పు పుట్టించే రాయి ఉంది, మా ఆయన శనివారం పొద్దున్న అరగంట గీకి, చివరికి అగ్గిపెట్టె అడిగారు. టార్చి పర్లేదు. గాజుగుడ్డ, ప్లాస్టర్లు ఉన్నాయి, కానీ డెట్టాల్ లేదు, ఓఆర్ఎస్ లేదు, జ్వరం మాత్ర లేదు.

ఇందులో బంగారం లాంటిది ఒక్కటే, ఈ విజిల్. నవ్వకండి. ఆ ఆదివారం పడవ వాళ్ళు మా సందు చివర నుంచి వెళ్ళిపోతుంటే తొమ్మిది మందిమి గొంతు చించుకున్నా వినిపించలేదు. వాన చప్పుడు, పైన హెలికాప్టర్ చప్పుడు. ఎదురింటి పిల్లాడి దగ్గర స్కూల్ డ్రిల్లు విజిల్ ఉంది, వాడు ఊదితే రెండో పడవ తిరిగింది. అది 20 రూపాయలకి ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. దానికోసం 2,400 అక్కర్లేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. మాకు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది. ఉండేది అనాలి, పాతది వరదలో పోయింది. హాల్లో నేల మీద ట్రాలీలో పెట్టాం కదా, ఇంట్లోకి నీళ్ళు వచ్చిన మొదటి అరగంటలోనే పోయింది. కొత్తది మెట్ల మలుపు దగ్గర పెట్టించాం. టెస్టులో ఏమైందంటే, రెండు పాత ఫ్యాన్లు, రెండు బల్బులు వేసుకుని పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి కీచుమని అరిచి ఆగిపోయింది. లెక్కకి సరిగ్గానే ఉంది. 12 వోల్టులు ఇంటూ 150 అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్స్, చేతికి వచ్చేది 1,200 పైన ఎంతో కొంత. పాత ఫ్యాను ఒక్కోటీ 75 వాట్లు తింటుంది. అదే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 30 వాట్ల దగ్గరే ఉంటుంది. అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వచ్చేది. కాబట్టి పెద్ద బ్యాటరీ కొనాలా అని నన్ను అడిగితే, ముందు ఫ్యాన్లు మార్చండి అంటాను. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

కానీ ఒకటి, ఇన్వర్టర్ ఒక రాత్రి సరుకు. కరెంటు రాకపోతే మళ్ళీ నిండదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు మా చిన్నాన్న వాళ్ళు అక్కడే ఉన్నారు. స్తంభాలే విరిగి పడిపోతే కరెంటు రోజుల తరబడి రాలేదు. బాబాయ్ ఇంకోటి కూడా చెప్తాడు. మధ్యలో గాలి ఠక్కున ఆగిపోయిందట. తుఫాను వెళ్ళిపోయిందని జనం బయటికొచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. అది తుఫాను కన్ను, అంటే సుడి నడిమి భాగం. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ గాలి కొట్టింది. ఆగింది కదా అని బయటికి రాకండి.

మరి సోలార్ ఉందిగా అంటారా? మా పక్కింటి అన్నయ్యగారు కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో మేడ మీద మూడు కిలోవాట్లు పెట్టించారు, 78,000 సబ్సిడీ వచ్చింది. కరెంటు పోయినా నాకేం ఢోకా లేదని ధీమాగా ఉన్నారు. మా టెస్టు కోసం ఆయన్ని కూడా మెయిన్ దించమన్నాం. పట్టపగలు, ఎండ మండిపోతోంది, ఆయన ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. మొహం చూడాలి ఆయనది! బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకి కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్‌కి, లైన్లో కరెంటు లేకపోతే దాని ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. తుఫానులో పనికి రావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ ఉండాలి. అది పెట్టించే ముందే అడగాల్సిన మాట.

పవర్ బ్యాంకు. పెట్టె మీద 20,000 ఎంఏహెచ్ అని రాసుంది. నా ఫోను బ్యాటరీ 5,000. నాలుగుసార్లు నిండాలి కదా? రెండుసార్లు పూర్తిగా నిండింది, మూడోసారి 80 శాతం దగ్గర ఆగింది. మోసమేం కాదు. 20,000 అనేది లోపలి సెల్స్‌కి 3.7 వోల్టుల దగ్గర లెక్క. బయటికి ఐదు వోల్టులుగా వచ్చేసరికి 14,800. మార్చడంలో వేడిగా పోయేది తీసేస్తే 12, 13 వేలే మిగులుతుంది. వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, కొనేటప్పుడు అది చూడండి. ఇంకోటి, టవర్లు పడిపోయినప్పుడు ఫోను సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూసుకోండి. మాకు వరదలో ఆ తెలివి లేక రెండో రోజుకే ఫోన్లన్నీ చచ్చాయి. ఇన్వర్టర్ బల్బులు మాత్రం సూపర్. ఒక్కోటీ మూడు గంటల పైన వెలిగింది. విప్పి చేత్తో పట్టుకుంటే టార్చిలా కూడా పనికొచ్చింది.

రేడియో గురించి రెండు మాటలు. తిప్పే రేడియో మా బాబుకి ఆటబొమ్మ అయింది, నాకు మాత్రం నచ్చింది. వరదప్పుడు గంటకో వాట్సాప్ పుకారు, ఇంకో గండి పడింది, ఇంకో డ్యామ్ తెగింది అని. ఏది నమ్మాలో తెలియక బీపీ పెరిగిపోయింది. కొనేటప్పుడు ఎఫ్ఎం ఒక్కటే కాకుండా మీడియం వేవ్ కూడా పట్టేది చూసి కొనండి. అది దూరం స్టేషన్లని కూడా పడుతుంది.

అసలు దెబ్బ నీళ్ళ దగ్గర తగిలింది. మూడు 20 లీటర్ల టిన్నులు, రెండు 50 లీటర్ల డ్రమ్ములు, మొత్తం 160 లీటర్లు పెట్టుకున్నాం. నలుగురికి రెండు రోజులు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. ఆదివారం పొద్దున్న పదకొండింటికి అయిపోయాయి! డ్రమ్ము మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టి చూశాను. తాగడానికి, వంటకి కలిపి 27 లీటర్లే. మిగతాదంతా బాత్రూమ్ మింగేసింది. ఫ్లష్ ఒకసారి నొక్కితే ఎనిమిది, పది లీటర్లు. అంట్లు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు ఒక బకెట్లో పట్టి అక్కడ పోయడం శనివారం సాయంత్రం నుంచి మొదలుపెట్టాం. మొదటి రాత్రి నుంచే చేసి ఉంటే సరిపోయేవి.

ఆర్‌ఓ మిషను కరెంటు లేకపోతే బొమ్మే. క్లోరిన్ మాత్రలు కొన్నాను, ఇవి మంచివి, చవక. అయితే బురద నీళ్ళలో వేస్తే క్లోరిన్ ఆ బురదకే ఖర్చయిపోతుంది. ముందు తేర్చాలి. పటిక తిప్పి, తేటపడ్డాక పలచటి గుడ్డలో వడకట్టి, అప్పుడు మాత్ర వేసి అరగంట ఆగాలి. మా అత్తయ్య చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళం అంటుంది, పని ఒకటే. సంపులోకి డ్రైనేజీ నీళ్ళు చేరితే మాత్రం ఏ మాత్రా వద్దు, ఆ నీళ్ళు తాగొద్దు.

ఇక మా అత్తయ్య. ఆవిడది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు చిన్నపిల్ల. ఆ రోజు సంగతి ఆవిడ చెప్పదు, మేం అడగం. కానీ నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఏ ఇల్లు మారినా అటక మీద ఆవిడ డబ్బా ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళూ చాదస్తం అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం నా బిస్కెట్లు, నూడుల్స్ అయిపోయాక అడిగి దింపించాను. ఇదిగో, మీరూ చూడండి. కింద అటుకులు, పైన వేయించిన శనగపప్పు, బెల్లం అచ్చు గుడ్డలో చుట్టి. ఈ చిన్న సీసాలో ఉప్పు. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో వేసి దారంతో మూడు చుట్లు. కొవ్వొత్తులు రెండు. ఒక జత పాత చీర ముక్కలు. పొయ్యి అక్కర్లేదు, అటుకులు కడిగి బెల్లం కలిపితే భోజనం. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి తీసి వాడేసి కొత్తవి పోస్తుంది. దసరా అంటే తుఫాన్ల కాలం మొదలే కదా. నాలుగొందలు కూడా కాదు ఖర్చు. ఈ వీడియోలో పదికి పది మార్కులు దీనికే.

వరదలో ఈ డబ్బా ఒక్కటే మాతో పైకొచ్చింది, నేను మాత్రం తెరిచి చూడలేదు. బియ్యం బస్తా కింద, ఇన్వర్టర్ కింద, సర్టిఫికెట్ల సూట్‌కేసు మంచం కింద. అన్నీ ఉన్నాయి, అన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఇప్పుడు హాల్లో గోడ మీద ఈ నీలం గీత చూశారా? అది నీళ్ళు వచ్చిన మట్టం. నా ఛాతీ దాకా ఉంది. తడవకూడనిది ఏదైనా దీనికి పైనే. కాగితాలు జిప్ కవర్లలో, డిజీలాకర్‌లో కాపీలు. గ్యాస్ బండకి ఇప్పుడు తాడు ఉంది, కిటికీ ఊచకి కట్టి. నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నాయంటే మా ఆయన పని రెగ్యులేటర్, నా పని మెయిన్, బాబు పని నానమ్మ చెయ్యి పట్టుకోవడం. నీళ్ళు తీశాక కూడా ఎలక్ట్రీషియన్ చూడందే మెయిన్ వెయ్యకండి.

అత్తయ్యకి షుగరు, ఇన్సులిన్ ఉంది. ఫ్రిజ్ ఆగాక సీసాని స్టీలు గ్లాసులో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో ఉంచాం. గదిలో 34 డిగ్రీలు ఉంటే కుండలో 28 చూపించింది. మీ మందుకి ఎంత వేడి తట్టుతుందో మీ డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం పదిహేను రోజులవి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. ఎమర్జెన్సీ నంబరు 112, విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070 గోడ మీద రాశాం, ఫోన్లో సేవ్ చేస్తే ఫోనుతోపాటే పోతాయి.

చివరికి ఏం కొనాలో చెప్పమంటారా? మళ్ళీ మొదటి నుంచీ కొనాలంటే నేను కొనేవి ఇవి: పవర్ బ్యాంకు, రెండు ఇన్వర్టర్ బల్బులు, రేడియో, క్లోరిన్ మాత్రలు, మూతలున్న డ్రమ్ములు రెండు, తాడు, విజిళ్ళు. ఆ ఎర్ర బ్యాగుని బాబు స్విమ్మింగ్ క్లాసుకి వాడుతున్నాడు.

అన్నట్టు, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మెయిన్ వేయగానే ముందు మోగింది మోటారు కాదు, విజిల్. అత్తయ్య తీసుకుని తాళాల గుత్తికి కట్టేసుకుంది, ఇప్పుడు నన్ను వంటింట్లోంచి పిలవాలన్నా అదే ఊదుతోంది. వింటున్నారా? వస్తున్నానత్తయ్యా!