ఆ చెంబులో నీళ్లు

(చెన్నైలోని స్టూడియోలో రికార్డయిన చర్చా కార్యక్రమంలో ఒక భాగం. అంశం: యుద్ధకాలపు చారిత్రక నవలల్లో తప్పు, ప్రేమ, ధైర్యం.)

వ్యాఖ్యాత: మేడం, మీ నవల 1942లో బర్మాలోని రంగూన్ నుంచి నడిచొచ్చిన తెలుగువాళ్ల కథ. పక్కింటి పిల్ల అడిగితే లేవని చెప్పి తల్లి నీళ్లు దాచుకునే ఘట్టం ఎన్నిసార్లు రాశారు?

రచయిత్రి: నాలుగుసార్లండీ. మొదటిసారి ఆ పక్కింటి పిల్లను బతికించేశాను. పాతికేళ్ల తర్వాత మద్రాసులో ఎదురుపడి, క్షమించేసినట్టు కూడా రాశాను. మళ్లీ చదువుకుంటే సిగ్గేసింది. ఆ తల్లికి కాదు, చదివేవాళ్లకి బరువు దించాను.

చరిత్ర అధ్యాపకుడు: ఆ దారి సంగతి చెప్పాలి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఊరి జనంలో సగం దాకా మన దేశం వాళ్లే. రేవులో బస్తాలు మోసినవాళ్లలో మన కోస్తా తెలుగువాళ్లు చాలామంది. ప్రోమ్ పట్నం దాకా వెళ్లి, టౌంగప్ కనుమ దాటి, బర్మా పడమటి వైపున్న అరకాన్ తీరం చేరాలి. దారిలో నీటి కటకట, పైగా కలరా.

పాఠకుడు: మా నాయనమ్మ ఆ కనుమ దాటిందండీ, చంకలో మా నాన్నతో. చెంబు అడుగున కాసిని నీళ్లున్నాయి. పక్కన నడుస్తున్న పిల్ల అడిగితే ‘అయిపోయాయమ్మా’ అంది. అవి మా నాన్నకి పోసింది. పోయే ముందు ఏడాది ఈ సంగతి మా అమ్మకి చెప్పింది, ఒక్కసారే. చెన్నైలోని వ్యాసర్‌పాడిలో మా ఇంటి అరుగు మీద ఎండాకాలమంతా నీళ్ల కుండ పెట్టేది. చలివేంద్రం పుణ్యం అని ఎవరైనా అంటే లోపలికి వెళ్లిపోయేది.

వ్యాఖ్యాత: ప్రాయశ్చిత్తం అనుకోవచ్చా తాతగారూ?

పాఠకుడు: వద్దు బాబూ. అదైతే ఎక్కడో ఒకచోట తీరాలి కదా. ఆవిడకి తీరలేదు.

రచయిత్రి: ఆ నీళ్లు ఆవిడ తాగలేదు చూడండి, బిడ్డకి పోసింది. అంత ప్రేమ లేకపోతే ఆ అబద్ధమే లేదు. ఇక ధైర్యమంటే తుపాకి ముందు నిలబడడమే అని రాస్తుంటాం. ఇన్నేళ్ల తర్వాత కోడలి ఎదురుగా కూర్చుని ‘నీళ్లున్నాయి, లేవన్నాను’ అనడానికి ఎంత గుండె కావాలి!

అధ్యాపకుడు: ఒక్క మాట, అడ్డొస్తున్నాను. మీ నవల్లో తప్పంతా ఆ చెంబులోకే చేరింది. రేవు పని ఆగిపోతుందని కూలీలను మొదట్లో వెనక్కి తిప్పిన అధికారుల మాటేమిటి? ఉత్తరాన, మణిపూర్ సరిహద్దు దగ్గరి తము వైపు దొరలకో బాట, మనవాళ్లకో బాట. జనం నోట అవి తెల్లదారి, నల్లదారి. ఆ ఉత్తర్వులిచ్చినవాడికి రాత్రి నిద్ర పట్టిందా అని మన నవలలు అడగవెందుకు?

రచయిత్రి: నిజమే మాస్టారూ. అలాంటి అధికారి పాత్ర ఒకటి రాశాను. కథ నెమ్మదిస్తోందని తీసేశాను. తీయకూడదు. కానీ తప్పంతా దొరల ఖాతాలో వేస్తే ఆ తల్లి ఒప్పుకోదు.

పాఠకుడు: ఒప్పుకోదమ్మా. మా అమ్మ ‘ఆ దారిలో అందరూ అంతేగా అత్తయ్యా’ అందట. ‘అందరినీ అడగలేదే, ఆ పిల్ల నన్నే అడిగింది’ అందట మా నాయనమ్మ.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

వ్యాఖ్యాత: ఆ పిల్ల ఏమైందో తెలిసిందా?

పాఠకుడు: లేదు బాబూ. మలుపు దాటేదాకా వెనక్కి చూడలేదట.