ఎండల్లో ఏడు రోజుల ఎన్.ఎస్.ఎస్. క్యాంప్: బ్యాగ్‌లో ఏం పెట్టాలి, ఏం వదిలెయ్యాలి

నమస్కారం అండీ. డిగ్రీ పిల్లలకి ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం, స్పెషల్ క్యాంప్ ఏడు రోజులు. కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్ళో మకాం, చాలాచోట్ల ప్రభుత్వ బడి గదుల్లోనే పడక. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం సర్వేలో ఉపన్యాసాలో, రాత్రికి పాటలూ నాటికలూ. మార్చి దాటాక ఈ క్యాంప్ పడిందంటే మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రామగుండం వైపు, రెంటచింతల వైపు వాళ్ళనడగండి. అలాంటి క్యాంప్ కోసం కొనే సామాన్లన్నీ ఈరోజు ఇక్కడ పరిచాను. ఒక్కొక్కటీ చూపిస్తూ, డబ్బు పెట్టొచ్చో లేదో చెప్తాను.

గుడ్డతో చేసిన ఏ వస్తువుకైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే. రాత్రి ఉతికి తాడుమీద వేస్తే తెల్లారేసరికి ఆరుతుందా? ఆరితే బ్యాగ్‌లోకి, లేకపోతే బీరువాలోకి. ఏడు రోజులకి ఏడు జతలు మోసుకెళ్ళే పని ఉండదు. పల్చని కాటన్ చొక్కాలో కుర్తాలో నాలుగు, వదులు ప్యాంట్లు మూడు, అంతే. వాటిలో రెండు చొక్కాలకి నిండు చేతులుండాలి, గడ్డపార పట్టుకుని ఎండలో నిలబడేది ఆ చేతులే కదా. లోదుస్తులు మాత్రం రోజుకి ఒకటి లెక్కన ఏడు, పైన ఇంకో రెండు. వీటిలో పొదుపు వద్దు. చెమట పట్టిన లోదుస్తులతో రోజంతా ఉంటే తొడలు ఒరుసుకుపోయి మూడో రోజుకి నడవడమే కష్టమవుతుంది. చిన్న డబ్బాలో కొబ్బరినూనె పెట్టుకుని, పనిలోకి దిగేముందు తొడల మధ్య రాసుకుంటే ఆ ఒరిపిడి చాలావరకూ తప్పుతుంది. అమ్మాయిలు నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి. ఆ ఊళ్ళో మీరు వాడే రకం దొరక్కపోవచ్చు.

ఇప్పుడు టవల్. ఇదిగో, ఇది మందపాటి టర్కీ టవల్. చేతికి మెత్తగా ఉంది, షాపులో చూస్తే ఇదే కొనాలనిపిస్తుంది. ఇది తడిసిందంటే బరువు చూడండి, పిండినా నీళ్ళు కారుతూనే ఉంటాయి. గదిలో యాభైమంది ఉన్నచోట, కిటికీ చువ్వకి వేలాడదీస్తే మర్నాటికి ముక్కిన వాసన. పక్కన ఈ ఈరోడ్ టవల్ చూడండి. వెలుగుకి ఎదురుగా పెడితే అవతలున్న నా వేళ్ళు కనిపిస్తున్నాయి, నేత అంత పల్చన. గంటలో ఆరిపోతుంది. తడిపి మెడచుట్టూ వేసుకోవచ్చు, తలకి చుట్టుకోవచ్చు, నేలమీద పరుచుకుని అన్నం తినొచ్చు. ఇలాంటివి రెండు పెట్టుకోండి. ధరకి, పనికి చూస్తే ఈ బల్లమీదున్న వాటన్నిటిలో నేను ముందు ఓటేసేది దీనికే.

ఎక్కువ డబ్బు పోసేది వాటర్ బాటిల్ దగ్గర, కాబట్టి దీనిమీద కాస్త ఆగుదాం. మూడు రకాలు తెచ్చాను. మొదటిది మామూలు ప్లాస్టిక్ బాటిల్. తేలిక, చవక. ఎండలో పెడితే నీళ్ళు వేడెక్కుతాయి, వేడి నీళ్ళు ఎవరికీ తాగబుద్ధి కాదు, తాగడం తగ్గిపోతుంది. క్యాంపులో వడదెబ్బకి దారి అక్కడే పడుతుంది. రెండోది ఒంటి పొర స్టీలు బాటిల్. గట్టిది, కిందపడినా సొట్టతో సరిపెట్టుకుంటుంది. ఎండలో మాత్రం పట్టుకోలేనంత కాలుతుంది. మూడోది రెండు పొరల వాక్యూమ్ బాటిల్. చల్లటి నీళ్ళు పోస్తే సాయంత్రందాకా చల్లగానే ఉంటాయి. కానీ ఖాళీగా ఉన్నప్పుడే చేతికి బరువు తెలుస్తుంది, లీటరు నీళ్ళు పోస్తే ఇంకో కిలో.

వాక్యూమ్ బాటిల్ కొనేటప్పుడు రెండు చూడండి. మూతి వెడల్పుగా ఉండాలి, చేతివేళ్ళు లోపలికి పోవాలి. లేకపోతే అడుగున పాచి పడుతుంది, కడగలేం. రెండోది, ఇంటికి తెచ్చాక మరిగిన నీళ్ళు పోసి, మూత బిగించి, ఐదు నిమిషాల తర్వాత బయటి గోడ తాకి చూడండి. మూత దగ్గర కాకుండా మధ్యలో వేడి తగిలిందంటే లోపలి వాక్యూమ్ పోయినట్టే. వెంటనే వెనక్కిచ్చెయ్యండి.

అంత డబ్బు పెట్టలేనివాళ్ళు బాధపడక్కర్లేదు. ఆ ఒంటి పొర స్టీలు బాటిల్‌కే పాత కాటన్ గుడ్డ చుట్టి, దారంతో కట్టి, గుడ్డని తడిపి నీడలో గాలి తగిలేచోట పెట్టండి. తడి ఆరేకొద్దీ లోపలి నీళ్ళు చల్లబడతాయి. పొలం పనులకెళ్ళేవాళ్ళు ఎప్పటినుంచో చేసేదే ఇది. గాలిలో ఉక్క ఎక్కువుండే కోస్తా ఊళ్ళలో దీని బలం తగ్గుతుంది. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండలకి బాగా పనిచేస్తుంది. నా తీర్పు అడిగితే, ఇంట్లో ఒంటి పొరది ఉంటే కొత్తది కొనకండి. ఆ డబ్బు చెప్పులమీద పెట్టండి.

బాటిల్ తర్వాత అందులో కలిపేది. ఇక్కడ దయచేసి జాగ్రత్తగా వినండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాలు చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరు నీళ్ళకి 20.5 గ్రాముల పొడి: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. పేరులో ఓ.ఆర్.ఎస్. అని రాసి, లోపల చక్కెర ఎక్కువున్న పానీయాలు ఎన్నో ఏళ్ళు మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. వాటిమీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అలాంటి పానీయాలమీద ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడొద్దని ఆదేశాలిచ్చింది. ఆవిడ పట్టుదలకి నేను మనసారా దండం పెడతాను. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్నే కలపండి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కొంచెం కొంచెం పోసుకోవద్దు. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి మిగిలితే పారబోయండి. ఐదారు ప్యాకెట్లు చాలు. మామూలు దాహానికి మజ్జిగ, ఉప్పేసిన నిమ్మరసం ఉండనే ఉన్నాయి.

ఎవరైనా ఎండలో తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా, అప్పుడిక ఓ.ఆర్.ఎస్. పట్టించే పని కాదు. నీడలో పడుకోబెట్టి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసురుతూ ఉండండి, పక్కనున్నవాళ్ళు 108కి ఫోన్ చెయ్యాలి. ఈ మాట మీ క్యాంప్ మిత్రులందరికీ ముందే చెప్పి ఉంచండి.

పడక సంగతి. గొడుగులా తెరుచుకునే ఈ దోమతెర చూడ్డానికి బాగుంది గానీ, మడిస్తే ఇంత చక్రం, బ్యాగ్‌లో పట్టదు. నాలుగు మూలల పాత రకం దోమతెర, పది మీటర్ల నైలాన్ తాడు తీసుకెళ్ళండి. బడి కిటికీలకి చువ్వలుంటాయి, కట్టుకోవచ్చు. అదే తాడు పగలు బట్టలారేసుకోవడానికి. గాలి దిండు కొనకండి, చెమటకి చెంప అంటుకుంటుంది. ఖాళీ దిండుగలీబు తీసుకెళ్ళి అందులో రేపటి బట్టలు కూరితే సరిపోతుంది. చాప, పల్చని దుప్పటి, టార్చి, ఇంకేమీ అక్కర్లేదు.

స్టీలు పళ్ళెం, గ్లాసు కొంటే షాపులోనే పేరు చెక్కించండి. అందరివీ ఒకేచోట కడిగి బోర్లించాక ఏది ఎవరిదో తేలదు. తినడానికి పల్లీపట్టీలు, చెక్కలు, జంతికలు. చాక్లెట్లు కరుగుతాయి. అమ్మ ఎంత బతిమాలినా ఆవకాయ సీసా వద్దు. నూనె ఊరిందంటే చొక్కాలన్నీ పోతాయి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి ఒక జత, పనికి బూట్లు ఒక జత. కొత్త బూట్లయితే వారం ముందునుంచే ఇంట్లో వేసుకు తిరగండి. రోజూ వాడే మందులుంటే చీటీతో సహా పెట్టుకుని, ఆ సంగతి క్యాంప్ నడిపే ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికి చెప్పండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి, బ్యాగ్‌లో కాదు.

చివరగా బ్యాగ్. ట్రాలీ బ్యాగ్ చక్రాలు మట్టిరోడ్డుమీద కదలవు. రెండు భుజాలకి తగిలించుకునే నలభై లీటర్ల బ్యాగ్ చాలు. అన్నీ సర్దాక, నీళ్ళ బాటిల్ నింపి పక్క జేబులో పెట్టి, తగిలించుకుని మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. భుజం లాగుతుంటే ముందు జీన్స్ తీసి బయటపెట్టండి.