తలుపు దగ్గర నిలబడినవాడు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కథకులు కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, 1997లో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయాన్ని నెలకొల్పిన ఊరు మన శ్రీకాకుళం. ఏ దేశపు కథనైనా శ్రద్ధగా వినే మనుషులు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో, ఈ సాయంత్రం ఒక టెలివిజన్ ధారావాహికలోని ఒకే ఒక్క భాగం గురించి మాట్లాడతాను. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆరో సీజన్‌లో అయిదో భాగం అది. పేరు ‘ద డోర్’, అంటే తలుపు. 2016 మే నెలలో ప్రసారమైంది. అప్పటినుంచి నన్ను వదలలేదు.

చూడనివారి కోసం కథ చెబుతాను. బ్రాన్ ఒక ప్రభువు కొడుకు. కాళ్లు చచ్చుబడ్డాయి. అతణ్ని మోసుకు తిరిగే భారీ మనిషి హోడర్. ఒకప్పుడు గుర్రపుశాలలో పనిచేసిన కుర్రవాడు. నోట వచ్చేది ‘హోడర్’ అన్న ఒక్క మాటే. బ్రాన్‌కు గతాన్ని చూడగల శక్తి ఉంది, ఇతరుల శరీరాల్లో ప్రవేశించే శక్తీ ఉంది. గురువు నిద్రలో ఉండగా ఒంటరిగా దివ్యదృష్టిలోకి వెళతాడు. అక్కడ మృతసేనకు రాజైనవాడు అతని చెయ్యి పట్టుకుంటాడు. ఆ పట్టు వేసిన ముద్రతో, బ్రాన్ తలదాచుకున్న గుహకున్న రక్షణ తొలగిపోతుంది, శవాలు విరుచుకుపడతాయి. ఆ సమయానికి బ్రాన్ మనసు గతంలో ఉంది, అక్కడ పసివాడైన హోడర్‌నే చూస్తోంది. హోడర్‌లో ప్రవేశించమని మీరా అనే అమ్మాయి కేక వేస్తుంది. గతంలో ఉండగానే బ్రాన్ ఆ పని చేస్తాడు. ‘హోల్డ్ ద డోర్’, తలుపు ఆపు అన్న ఆమె అరుపు ఆ పిల్లవాడి బుర్రలోకి దూసుకుపోతుంది. వాడు నేలమీద పడి కొట్టుకుంటూ అదే అరుస్తాడు. మాటలు అరిగి అరిగి చివరికి ‘హోడర్’ మిగులుతుంది. ఇటు పెద్దవాడైన హోడర్ తలుపుకు వీపు ఆనించి, శవాల గోళ్లకు చీలిపోతూ నిలబడతాడు.

ఏళ్ల తరబడి ఆ ఒక్క మాటకు మనం నవ్వుకున్నాం. ఆ నవ్వులన్నీ ఆ క్షణంలో గొంతుకు అడ్డుపడతాయి. మంత్రశక్తిని మెరుపులతో, మంటలతో చూపించడం సులువు. ఒక మనిషి బతుకంతా ఖర్చయిన లెక్కగా చూపించడం కష్టం. ఈ భాగం గొప్పతనం అక్కడే ఉంది. మృతసేన నాయకుణ్ని తయారుచేసింది, ఆ కథలో మనుషులకన్నా ముందునుంచీ ఉన్న అడవి జాతేనని, మనుషుల నుంచి తమను కాపాడుకోవడానికే అలా చేసిందని తెలిసేది కూడా ఇందులోనే. అదీ బలమైన ఘట్టమే. కానీ నా మనసు హోడర్ దగ్గరే ఆగిపోయింది.

మనకు పరకాయ ప్రవేశం కొత్త కాదు. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ అందరికీ తెలుసు. అయితే అది ప్రాణం పోయిన దేహం. బతికి ఉన్నవారిలో ప్రవేశించిన కథ మహాభారతంలో, ఆనుశాసనిక పర్వంలో ఉంది. దేవశర్మ అనే ముని, భార్య రుచిని ఇంద్రుడి నుంచి కాపాడమని శిష్యుడు విపులుడికి అప్పగించి వెళతాడు. విపులుడు యోగబలంతో ఆమె శరీరంలో చేరతాడు. ఇంద్రుడు వచ్చినప్పుడు ఆమె లేవబోయినా లేవనివ్వడు, మాట్లాడబోయినా మాట్లాడనివ్వడు. ఉద్దేశం మంచిదే, పని కూడా నెరవేరింది. కానీ ఎలా కాపాడాడో గురువుకు చెప్పకుండా దాస్తాడు. తరవాత దారిలో ఒక జంట పోట్లాడుకుంటూ, ఆరుగురు జూదరులు పందెం ఆడుతూ, తప్పు చేసినవాడికి విపులుడి గతి పట్టాలని ఒట్టు వేసుకోవడం వింటాడు. ఆ జంట పగలూ రాత్రీ అని, ఆ ఆరుగురు ఋతువులని గురువు తరవాత చెబుతాడు. నువ్వు దాచింది వాటికి తెలుసు అంటాడు. ఆ తరవాతే క్షమిస్తాడు.

ఆ ధారావాహికపై నా ఫిర్యాదు ఇదే. బ్రాన్‌ను అలా నిలదీసే పగలూ రాత్రీ అందులో లేవు. ఏడో సీజన్‌లో మీరా ఒకసారి హోడర్ నీ కోసమే చచ్చిపోయాడని గుర్తుచేస్తుంది. బ్రాన్ ముఖంలో చలనం ఉండదు. చివరికి అతనికి రాజ్యం కూడా దక్కుతుంది.

మన జిల్లాల పల్లెల్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట పడిపోతే, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారనే అనుమానం ఇప్పటికీ పుడుతుంది. ఆ అనుమానం ఎవరి మీదికి పోతుంది? దిక్కులేని ముసలామె మీదికో, ఒంటరివాడి మీదికో. అలాంటివారిని కొట్టిన వార్తలు మనం చదివాం. చెయ్యని నేరానికి వాళ్లు దెబ్బలు తిన్నారు. ఆ తెరమీది ఊళ్లో నిజంగానే ఒక పనివాడి మాట పోయింది, పోగొట్టినవాడు ప్రభువు కొడుకు. అక్కడ ఎవరి వేలూ అటు చూపలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నాకు నిద్రపట్టలేదు.

బ్రాన్ అప్పటికి కుర్రవాడేనని, ప్రాణభయంలో చేశాడని, తలుపు ఆగకపోతే అందరూ పోయేవారని ఇక్కడి యువకులు కొందరు నాతో వాదిస్తారు. హోడర్‌ను ఒక్కసారైనా అడగవలసిందని నా వాదన. ఇక వారి మాట వింటాను.