బ్లేడుకు రెండు అంచులు

శ్రోతలందరికీ నమస్కారం.

ఐస్ హాకీ ఆడేవాళ్ల స్కేటును తలకిందులుగా పట్టుకుని చూస్తే, బూటు అడుగున ఒక ఉక్కు పట్టీ కనిపిస్తుంది. మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మంచును కోసుకుపోతుంది కదా, కత్తిపీటలా ఒకే పదును ఉంటుందని అనుకుంటాం. నిజానికి ఆ పట్టీ అడుగున పొడవునా ఒక సన్నటి గాడి ఉంటుంది. గాడికి అటొక అంచు, ఇటొక అంచు. బొటనవేలి వైపుది లోపలి అంచు, చిటికెనవేలి వైపుది బయటి అంచు. ఏ క్షణంలో ఏ అంచు మీద బరువు వేయాలో తెలిస్తే ఈ ఆటలో సగం విద్య వచ్చినట్టే. జెస్సికా కాంప్‌బెల్ ఆ సగం విద్యనే వృత్తిగా చేసుకున్నారు.

ఉత్తర అమెరికాలో మగవాళ్ల ఐస్ హాకీకి అన్నిటికంటే పెద్ద లీగు ఎన్.హెచ్.ఎల్., అంటే నేషనల్ హాకీ లీగ్. అందులో పూర్తికాలపు సహాయ కోచ్‌గా బెంచి వెనక నిలబడిన తొలి మహిళ ఆమె. 2024 జూలైలో సియాటిల్ క్రాకెన్ జట్టు ఆమెను తీసుకుంది. పత్రికలన్నీ 'తొలి మహిళ' అన్న మాట దగ్గరే ఆగాయి. ఆమెను అక్కడిదాకా తీసుకెళ్లిన పనితనం గురించి రాసింది తక్కువ. ఈ పూట దాని గురించే చెప్పుకుందాం.

1992లో పుట్టారు. ఊరు కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో రోకన్‌విల్. పొటాష్ గని, ఊరి గుర్తుగా నిలబెట్టిన ఓ పెద్ద నూనె డబ్బా బొమ్మ, అంతే ఆ ఊరి ప్రసిద్ధి. 2010లో 18 ఏళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ పోటీలో స్వర్ణం గెలిచిన కెనడా జట్టులో ఆడారు. తరవాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, ఆపైన కాల్గరీ ఇన్‌ఫెర్నో జట్టు. 2015లో స్వీడన్‌లోని మాల్మోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెనడా తరఫున రజతం. ఇంత ఆడినా ఇల్లు గడవదు. కాల్గరీ జట్టు ఆడిన మహిళల లీగులో 2017 దాకా ఆటగత్తెలకు జీతమే లేదు. ఆ లీగు కూడా 2019లో మూతపడింది. మరో పని వెతుక్కోవడం తప్పనిసరి.

ఆమె వెతుక్కున్న పని స్కేటింగ్ నేర్పడం. బ్రిటిష్ కొలంబియాలోని కెలోనాలో జె.సి. పవర్ స్కేటింగ్ అని సొంత సంస్థ పెట్టారు. చోటు బాగా కలిసొచ్చింది. పెద్ద లీగు ఆటగాళ్లు చాలామంది వేసవిలో కెలోనాలోనే ఉంటారు. 2020 మార్చిలో కరోనాతో లీగు ఆగిపోయి ఆగస్టులో మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో వాళ్లకు ఒళ్లు వంచి సాధన చేయించే మనిషి కావలసివచ్చింది. ఆమె దగ్గరికి వచ్చారు.

పవర్ స్కేటింగ్ అంటే కండబలం పెంచడం అని పొరబడతారు. ఉన్న బలాన్ని మంచులోకి దించడం అసలు పని. మొదటి పాఠం మోకాలు. నిలబడినప్పుడు మోకాలి చిప్ప బూటు మొనకంటే ముందుకు రావాలి. చాలామంది మోకాలు వంచకుండా నడుము వంచుతారు. చూడ్డానికి వంగినట్టే ఉంటుంది గానీ బరువంతా వేళ్ల మీదకు పడి, కాలితో మంచును తోసే తోపు పొట్టిగా తెగిపోతుంది.

రెండోది తోపు. కాలిని నేరుగా వెనక్కి తన్నితే బ్లేడు జారిపోతుంది, ఎందుకంటే మంచును పట్టుకునే అంచు పక్కకు ఉంది. కాబట్టి పాదం బయటికి తిప్పి, సుమారు 45 డిగ్రీల కోణంలో పక్కకీ వెనక్కీ తోయాలి. లోపలి అంచు మడమ దగ్గర మొదలై మునివేళ్ల దాకా మంచును నొక్కుతూ పోవాలి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి, చివర్లో బొటనవేలి దగ్గర చిన్న విసురు.

మూడోదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. తోసిన కాలు మంచును దాదాపు రాసుకుంటూ మళ్లీ పొట్ట కిందకు రావాలి. రెండు కాళ్లూ రైలు పట్టాల్లా ఎడంగానే ఉండిపోతే తరవాతి తోపు సగం దూరం నుంచే మొదలవుతుంది. మనిషి రెట్టింపు కష్టపడతాడు, వేగం మాత్రం రాదు. బాగా బలిష్ఠులైన ఆటగాళ్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ, బలంతో నెట్టుకొచ్చేస్తారు కాబట్టి చిన్నప్పుడు ఎవరూ దిద్దరు.

మలుపులో బయటి అంచు పని మొదలవుతుంది. పై కాలిని కింది కాలి మీదుగా దాటించడం అందరికీ వస్తుంది, మెట్లెక్కినట్టు. అయితే కింద ఉన్న కాలు బయటి అంచుతో శరీరం అడుగునుంచి అవతలి పక్కకు తోయాలి. అది తోయకపోతే మలుపులో రావలసిన బలంలో సగం పోయినట్టే. ఈ దిద్దుబాట్లన్నిటిలో ఒక చిక్కుంది. మొదటి కొద్ది వారాలు ఆటగాడి వేగం తగ్గుతుంది, పాత అలవాటు పోయి కొత్తది ఇంకా కుదరదు. లక్షల డాలర్ల ఆటగాడికి 'ఇప్పుడు నువ్వు కాస్త నెమ్మదిస్తావు, ఓర్చుకో' అని చెప్పి ఒప్పించడమే ఈ వృత్తిలో గడ్డు పని.

వ్యాపారం సంగతీ చెప్పాలి. ఇందులో పెద్ద ఖర్చు మంచు అద్దె. గంటకు డబ్బు కడితే చాలాచోట్ల చేతికి దక్కేది 50 నిమిషాలే. తక్కిన పదీ మంచును చదును చేసే యంత్రం తినేస్తుంది. ఒక్కరు వచ్చినా పాతికమంది వచ్చినా అద్దె అంతే. ఎక్కువమందిని చేర్చుకుంటే డబ్బు మిగులుతుంది, పిల్లలు మాత్రం వరసలో నిలబడి చలికి వణుకుతారు. నలుగురినే తీసుకుంటే పాఠం కుదురుతుంది, రుసుము పెంచక తప్పదు. ఎవరు కేంద్రం పెట్టినా ఈ లెక్క దగ్గరే తేలడమో మునగడమో.

అక్కడి నుంచి దారి వేగంగా సాగింది. స్వీడన్‌లో మాల్మో మగవాళ్ల జట్టు, తరవాత జర్మనీలో న్యూరెంబర్గ్ జట్టు. 2022 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జర్మనీ పురుషుల జట్టుకు సహాయ కోచ్. అదే ఏడాది, దిగువ లీగులో ఆడే క్రాకెన్ వారి జట్టు కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్. డాన్ బైల్స్మా ప్రధాన కోచ్, ఈమె సహాయకురాలు. ఆ జట్టు 2023లోనూ 2024లోనూ ఆ లీగు ఫైనల్‌కు చేరి, రెండుసార్లూ హెర్షీ జట్టు చేతిలోనే ఓడింది. 2023లో అయితే ఏడు మ్యాచుల ఫైనల్‌ను ఏడో మ్యాచి అదనపు సమయం దాకా లాగింది.

అక్కడ ఆమె చేతికింద ఎదిగినవాళ్లలో టై కార్టియేను చూడండి. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోని కుర్రాడు. మొదటి సీజన్‌లోనే ఆ దిగువ లీగులో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 2023 ప్లేఆఫ్స్‌లో క్రాకెన్ పైకి పిలిస్తే తొలి మ్యాచిలోనే గోలు కొట్టాడు. ఇలాంటి ఫలితం చూశాక ఏ యాజమాన్యమైనా ఆడా మగా అని లెక్కలు వేస్తూ కూర్చుంటుందా?

2024 అక్టోబర్ 8న సెయింట్ లూయిస్‌తో మ్యాచికి ఆమె తొలిసారి పెద్ద లీగు బెంచి వెనక నిలబడ్డారు. ఆ రోజు క్రాకెన్ 3-2 తేడాతో ఓడింది. బెంచి వెనక పనంటే ఏమిటో వినండి. ఐస్ హాకీలో ఒక్కో ఆటగాడు మంచు మీద ఉండేది సుమారు 45 సెకన్లు. ఆట ఆగకుండానే మార్పులు జరుగుతాయి. ఒకరు బెంచి దగ్గరికి చేరకముందే మరొకరు దూకి ఆటలో కలిస్తే రెండు నిమిషాల శిక్ష పడుతుంది. రొప్పుతూ వచ్చి కూర్చున్నవాడికి మళ్లీ వంతు వచ్చేలోపు టాబ్లెట్‌లో ఒక ముక్క చూపించి ఒక్క మాట చెప్పాలి. ఒక్కటే. రెండు చెబితే ఒకటీ గుర్తుండదు. ఆ సీజన్ జట్టుకు కలిసిరాలేదు, 2025 ఏప్రిల్‌లో బైల్స్మాను తప్పించారు. కాంప్‌బెల్ మాత్రం కొత్త కోచ్ కింద కొనసాగారు.

సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నార్త్‌గేట్‌లో క్రాకెన్ సాధన చేసే మూడు రింకుల్లో మామూలు జనానికీ స్కేటింగ్ వేళలు ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్తే రెండు పనులు చేయండి. స్కేటును తలకిందులు చేసి, బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం పెట్టండి. నాణెం ఒక పక్కకు ఒరిగిందంటే సాన సరిగా పట్టలేదు, ఒక అంచు ఎత్తు, ఒకటి పల్లం. ఆ స్కేటుతో పిల్ల ఒక వైపు తిరిగినప్పుడల్లా జారుతుంది, తప్పు తనదే అనుకుంటుంది. తరవాత గోటిని అంచు మీద అడ్డంగా మెల్లగా గీయండి. గోటి మీద కొద్దిగా పొట్టు లేస్తే పదును ఉన్నట్టు. లేవకపోతే కౌంటర్‌లో ఇచ్చి వేరే జత అడగండి.